దారి మళ్లింపు

తెలుగువారి వాడుకలో ‘దారి’ అనే మాటకు ఉన్న విస్తృతి బహు కొద్ది మాటలకే ఉంటుంది. పెడగా తిరిగే పిల్లవాడు కొంతకాలానికి దారికి వస్తాడు. ఆపదలో ఉన్నవానికి పెద్దలు దారి చూపుతారు. ఉపాయం తోచనివాడు దారీ తెన్నూ తెలియడం లేదని వాపోతాడు. నడవడికకు, ఉపాయానికి, ఆశ్రయానికి మన పూర్వులు దారినే సంకేతంగా చేసుకున్నారు. కనుకనే నిత్యం నడిచే దారి ఒకనాటి ఉదయం మూసుకుపోతే మనకు కలిగే చికాకు కాలహరణం వల్ల మాత్రమే కలిగేది కాదు. దినచర్యకు ఆధారమైనదేదో కాలికింద నుండి జారిపోయిన భావం అందులో ఉంటుంది.

ఇంట్లోని వృద్ధురాలికి మందులు తీసుకురావడానికి ఒక ఉదయం నేను బయలుదేరాను. దుకాణం అర కిలోమీటరు దూరం కూడా లేదు. వీధి చివరకు చేరేసరికి ఇనుపరేకులు అడ్డంగా నిలిపి ఉన్నాయి. ‘పని జరుగుచున్నది’ అని వాటిపై రాసి ఉంది కాని, ఎటు పోవాలో రాసి లేదు. పక్క సందులోకి మళ్లితే అక్కడ మురుగు కాలువ కోసం తీసిన గొయ్యి ఎదురైంది. మూడవ సందులో రెండు ఆటోలు ఎదురెదురుగా నిలిచి, వెనుకకు పోయే దారి లేక ఆగిపోయాయి. పది నిమిషాల పనికి గంటకు పైగా పట్టింది. ఆనాడు నన్ను బాధించింది తవ్వకం కాదు. వీధి మొదటనే ఆ సంగతి తెలిపే ఒక్క పలకైనా లేకపోవడం నన్ను బాధించింది.

అసలు రహదారులను ఇన్నిసార్లు ఎందుకు తవ్వవలసి వస్తుంది? మనకు కనిపించే రోడ్డు పైపొర మాత్రమే. దాని అడుగున తాగునీటి గొట్టాలు, మురుగునీటి గొట్టాలు, విద్యుత్తు తీగలు, టెలిఫోను తీగలు, కొన్నిచోట్ల వంటగ్యాసు గొట్టాలు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క శాఖకో సంస్థకో చెందినది. ఒకరు తవ్వి పూడ్చిన చోటనే కొన్నాళ్లకు మరొకరు తవ్వుతారు. ఒకరి గునపం మరొకరి తీగను తెంపితే ఆ మరమ్మతుకు ఇంకొక గొయ్యి తప్పదు. ఈ చిక్కును తొలగించడానికే ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్‌ను కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో ప్రారంభించింది. తవ్వదలచినవారు ముందుగా దానిలో తెలియజేస్తే ఆ చోట గొట్టాలు, తీగలు ఉన్న సంస్థలకు సమాచారం అందుతుంది.

కొన్ని మళ్లింపులు అనివార్యాలు. విజయవాడలోని కనకదుర్గ వంతెన ఇందుకు తగిన ఉదాహరణ. అక్కడ ఒకవైపు ఇంద్రకీలాద్రి, మరొకవైపు కృష్ణానది. రెండింటి నడుమ ఇరుకైన రహదారి. హైదరాబాదు నుండి వచ్చే వాహనాలకు, అమ్మవారి దర్శనానికి వచ్చే భక్తులకు, నగరవాసులకు ఆ దారే ఆధారం. 2015 చివరలో ఆరు వరుసల వంతెన నిర్మాణం మొదలైంది. 2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరాల నాటికి పూర్తిచేయాలని సంకల్పించినా, అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది 2020 అక్టోబరులో. ఆ మధ్యకాలంలో భవానీపురం వాసులు వన్‌టౌన్‌లో సరుకులు తెచ్చుకోవాలంటే చిట్టినగర్ మీదుగా చుట్టు తిరగవలసి వచ్చేది. కొండను జరపలేము, నదిని పూడ్చలేము. అందువల్ల ఆ చుట్టుదారిని ప్రజలు సహించారు. నేడు ఆ వంతెన మీద సాగిపోయేవారు ఆనాటి శ్రమను తలచుకొని తృప్తి పడుతున్నారు.

అయితే చుట్టుదారి భారం అందరిపై సమానంగా పడదు. కారున్నవానికి అది కొంత పెట్రోలు ఖర్చు. తోపుడుబండి మీద కూరలు అమ్మే స్త్రీకి అది ఆనాటి బేరం. దారి మూసిన వీధిలోని చిన్న టీ దుకాణానికి అది నెలల తరబడి నష్టం. కర్ర ఊతగా నడిచే వృద్ధునికి, పురుటి నొప్పులతో ఆసుపత్రికి పోయే తల్లికి అది ప్రాణసంకటం. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లు, ఉన్న కష్టానికి మరొక కష్టం తోడవుతుంది.

ఈ బాధను తగ్గించే విధానం తెలియనిది కాదు. రహదారి పనులు జరిగే చోట రాకపోకలను ఎలా నడపాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2001లో మార్గదర్శకాలు ప్రకటించి, 2014లో సవరించింది. వాటి ప్రకారం పని జరిగే ప్రదేశం నాలుగు భాగాలు. మొదటిది ముందుగా హెచ్చరించే భాగం. రెండవది వాహనాలను మెల్లగా పక్కకు మళ్లించే భాగం. మూడవది పని జరిగే భాగం. నాలుగవది వాహనాలు తిరిగి తమ దారిలో చేరే భాగం. మన వీధులలో తరచుగా మూడవది మాత్రమే కనిపిస్తుంది. మొదటిది లోపించడమే మన అవస్థకు మూలం.

ఈ విషయంలో పౌరులకూ బాధ్యత ఉన్నది. కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీద గోనెపట్టాలు కప్పి నీరు నిలపడం చూస్తుంటాము. ‘పని అయిపోయింది గదా, ఇంకా మూయడమెందుకు?’ అని కొందరు అడ్డు తొలగించి బండి నడుపుతారు. సిమెంటు కాంక్రీటు తగిన బలం పొందడానికి సాధారణంగా 28 రోజుల గడువు పాటిస్తారు. తడి ఆరకముందే చక్రం పడితే పగుళ్లు ఏర్పడతాయి. ఆ పగుళ్లే మళ్లీ తవ్వకానికి కారణమవుతాయి. నేటి తొందర రేపటి చుట్టుదారి అవుతుంది.

దారిని అడ్డగించడాన్ని మన ప్రాచీనులు అల్ప విషయంగా ఎంచలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలో ఇందుకు శిక్షలు ఉన్నాయి. మనుషులు, చిన్న పశువులు నడిచే బాటను అడ్డగిస్తే 12 పణాలు, పెద్ద పశువులు నడిచే బాటను అడ్డగిస్తే 24 పణాలు దండుగ. నడిచిపోయే మనిషికి దారి ఒక హక్కు అనే భావన ఈ నేలపై ఎంత పురాతనమో దీనివల్ల తెలుస్తున్నది.

రోడ్లు వేయక తప్పదు. వేయాలంటే తవ్వక తప్పదు, తవ్వినప్పుడు దారి మళ్లించకా తప్పదు. కాని ఎన్నాళ్లు మూస్తారో, ఎటు పోవాలో ముందు చెప్పకపోవడం తప్పు. రేపు మీలో ఇంజినీర్లు, అధికారులు, గుత్తేదారులు అయ్యేవారు ఉంటారు. ఒక వీధిని మూసే రోజున, మందుల చీటీ చేతపట్టుకొని ఆ వీధి మొదట నిలిచిన మనిషిని ఒక్కసారి తలచుకోండి. అతనికి దారి చూపే పలకను నిలిపిన తరువాతనే మొదటి గునపం వేయించండి.