చాటుగా చెరువు చేరే చేప: ఇంగ్లండు గాలం వేటగాళ్ల అనుభవం, మన విస్తరణకు పాఠం

అన్యదేశపు జీవి ఒకటి అనుకోకుండా ప్రవేశిస్తే దాని మూల్యం ఎంతటిదో మన రైతుకు వయ్యారిభామ నేర్పింది. దిగుమతి గోధుమలతో కలిసి వచ్చిందని భావించే ఈ కలుపును 1955 ప్రాంతంలో పుణె పరిసరాల్లో తొలిసారిగా గుర్తించారు. నేడు అది లేని గట్టు, లేని బీడు కనిపించడం అరుదు. అయినా కలుపు మొక్క కంటికి కనిపిస్తుంది; పీకడానికి చేతికి అందుతుంది. నీటిలో చేరిన అన్యజాతి చేప అలా అందదు. దాని మొప్పల్లో దాగి వచ్చిన వైరస్ అసలే కనిపించదు. అందువల్ల జలవనరుల విషయంలో ప్రవేశాన్ని నివారించడమే సిసలైన చికిత్స. ఈ నివారణ బాధ్యతలో ప్రభుత్వ యంత్రాంగంతో పాటు నీటిని నిత్యం వాడుకునే ప్రజలు ఎంత పాత్ర వహించగలరో తెలుసుకోవడానికి ఇంగ్లండులో గాలంతో చేపలు పట్టేవారు సాగించిన ఉద్యమం మంచి ఉదాహరణ.

పెద్ద చేపకు పెద్ద గిరాకీ

ఇంగ్లండులో మంచినీటి గాలంవేట ప్రధానంగా వినోదం కోసమే. మనం బంగారు తీగ అని పిలిచే కామన్ కార్ప్‌ను పట్టి, తూకం వేసి, ఫోటో తీసుకుని తిరిగి నీటిలోనే వదిలిపెట్టడం అక్కడి ఆచారం. ఒకే చేప ఎన్నో ఏళ్లపాటు ఎందరి గాలానికో చిక్కుతుంది; కొన్నింటికి పేర్లు కూడా పెడతారు. 1952లో రెడ్‌మైర్ అనే చిన్న కుంటలో రిచర్డ్ వాకర్ పట్టిన 44 పౌండ్ల కార్ప్, అంటే సుమారు 20 కిలోల చేప, ఆనాటి జాతీయ రికార్డు. క్లారిస్సా పేరుతో అది లండన్ జంతు ప్రదర్శనశాలకు చేరి ప్రజలందరినీ ఆకర్షించింది.

పెద్ద కార్ప్ ఉన్న చెరువుకు రుసుము చెల్లించి వచ్చేవారు ఎక్కువ. కాని ఇంగ్లండు వాతావరణం చల్లనిది. చేప నెమ్మదిగా పెరుగుతుంది. ఇరవై కిలోల చేపను తయారుచేయడానికి దశాబ్దాలు పట్టవచ్చు. ఐరోపా ప్రధాన భూభాగంలోని వెచ్చని నీళ్లలో అదే పరిమాణం త్వరగా వస్తుంది. ఈ తేడాలోనే దొంగ వ్యాపారం పుట్టింది. ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా, తనిఖీని తప్పించుకుని, సముద్రం దాటించి తెచ్చిన పెద్ద చేపలను చెరువు యజమానులకు అమ్మడం మొదలైంది. కొన్న యజమానికి మరునాడే ఆదాయం కనిపిస్తుంది. నష్టం మాత్రం చుట్టుపక్కల చెరువులన్నీ పంచుకోవలసి వస్తుంది.

చేపతో పాటు వచ్చేవి

కోయి హెర్పిస్ వైరస్ 1990ల చివరిలో వెలుగులోకి వచ్చింది. కామన్ కార్ప్‌కు, దాని అలంకార రూపమైన కోయి చేపకు ఇది ప్రాణాంతకం. నీటి ఉష్ణోగ్రత 16 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు వ్యాధి ప్రబలుతుంది. మొప్పలు కుళ్లుతాయి, కళ్లు లోపలికి పోతాయి, చర్మంపై పాలిపోయిన మచ్చలు ఏర్పడతాయి. చెరువులోని చేపల్లో అత్యధిక భాగం రోజుల వ్యవధిలో చనిపోవచ్చు. బతికిన చేపలు ఆరోగ్యంగా కనిపిస్తూనే వైరస్‌ను మోయగలవు. అంటే, పైకి నిగనిగలాడే చేపను చూసి కొనడం ఏ విధంగానూ రక్షణ కాదు. బ్రిటన్‌లో 2007 నుంచి ఈ వ్యాధిని గమనించినవారు ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలి. నిర్ధారణ అయిన చెరువు నుంచి చేపల తరలింపుపై ఆంక్షలు విధిస్తారు.

సరుకుతో పాటు అనుకోని జాతులూ వస్తాయి. టాప్‌మౌత్ గడ్జియన్ అనే ఆసియా చిరుచేప 1960లలో చైనా కార్ప్ పిల్లల రవాణాలో కలిసి ఐరోపాకు చేరింది. 1980లలో ఇంగ్లండులో ప్రవేశించింది. ఇతర చేపలకు హాని చేసే రోజెట్ అనే పరాన్నజీవిని ఇది మోస్తుందని 2005లో పరిశోధకులు తెలిపారు. దీనిని నిర్మూలించడానికి ఇంగ్లండు అధికారులు చెరువులను రొటెనోన్‌తో శుద్ధి చేయవలసి వచ్చింది. ఒక చిరుచేప కోసం చెరువు మొత్తానికి విషం పెట్టడమన్నమాట.

నార్వే అనుభవం ఇంకా తీవ్రమైనది. 1970లలో స్వీడన్ నుంచి తెచ్చిన సాల్మన్ పిల్లలతో జైరోడాక్టిలస్ సాలారిస్ అనే సూక్ష్మ పరాన్నజీవి అక్కడికి ప్రవేశించింది. బాల్టిక్ ప్రాంతపు సాల్మన్ దానిని తట్టుకోగలదు. నార్వే సాల్మన్ తట్టుకోలేకపోయింది. నదులకు నదులే పిల్ల చేపలు లేకుండా పోయాయి. పుట్టినచోట సమస్య కాని జీవి చేరినచోట విపత్తు కాగలదన్న సూత్రం మన సస్యరక్షణ విద్యార్థులకు కొత్తది కాదు.

చట్టం ఉంది, చూసే కన్ను కావాలి

ఇంగ్లండులో చట్టాలకు కొదవ లేదు. 1980 నాటి సజీవ చేపల దిగుమతి చట్టం ఉంది. 2009 నాటి జలచరాల ఆరోగ్య నిబంధనలు, 2015 నాటి చేపల పెంపక, ప్రవేశ నిబంధనలు ఉన్నాయి. ఈ చివరి నిబంధనల ప్రకారం చేపలు వదిలే చెరువుకు స్థల అనుమతి, సరఫరాదారుకు సరఫరా అనుమతి ఉండాలి. వేమత్‌లోని చేపల ఆరోగ్య తనిఖీ విభాగం, పర్యావరణ సంస్థ వీటిని అమలు చేస్తాయి. అయితే దేశమంతటా చెదిరి ఉన్న వేలాది చెరువుల గట్టున తెల్లవారుజామున వ్యాన్ ఆగినప్పుడు అక్కడ తనిఖీ అధికారి ఉండడు. గాలం వేసుకుని కూర్చున్న మనిషి ఉంటాడు.

ఆ మనిషిని సాక్షిగా మార్చడమే ఉద్యమం సాధించిన పని. ఇంగ్లిష్ కార్ప్ హెరిటేజ్ ఆర్గనైజేషన్ అక్రమ దిగుమతుల వ్యతిరేకతను తన ప్రధాన లక్ష్యంగా చేసుకుని పనిచేసింది. 2009లో పలు సంఘాలు ఏకమై ఆంగ్లింగ్ ట్రస్ట్‌గా ఏర్పడ్డాక గాలం వేటగాళ్లకు ఒకే వేదిక దొరికింది. 2012లో ఆగ్నేయ ఇంగ్లండులో మొదలైన స్వచ్ఛంద కాపలాదారుల వ్యవస్థ తరువాత దేశమంతటికీ విస్తరించింది. వీరికి అరెస్టు చేసే అధికారం లేదు. చూడటం, నమోదు చేయడం, తెలియజేయడం మాత్రమే వీరి విధి. వాహనం సంఖ్య, సమయం, స్థలం వంటి చిన్న సమాచారం అధికారుల దర్యాప్తుకు ఆధారమవుతుంది.

రెండవ పని శుభ్రత. 2011లో ప్రారంభమైన 'పరిశీలించు, శుభ్రపరచు, ఆరబెట్టు' ప్రచారాన్ని గాలం సంఘాలు అందిపుచ్చుకున్నాయి. ఒక చెరువులో తడిసిన వల మరో చెరువులో మునిగే ముందు పూర్తిగా ఆరాలి. ఖర్చు లేని ఈ అలవాటు వ్యాధి వ్యాప్తికి అడ్డుకట్ట.

మూడవది అన్నిటికన్నా కష్టమైనది: తమ వర్గపు గిరాకీని తామే ప్రశ్నించుకోవడం. దొంగచాటు చేపను కోరేది పరాయివాడు కాదు. పెద్ద చేపపై మోజున్న తోటి వేటగాడే. ఆ చేప ఎక్కడి నుంచి వచ్చింది, పత్రాలు చూపగలరా అని సభ్యులే అడగనిదే ఈ వ్యాపారం ఆగదని సంఘాలు బోధించాయి. కొని తెచ్చిన చేపకు రికార్డు గౌరవం దక్కాలా అన్న చర్చ కూడా వారిలో గట్టిగానే సాగింది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న లేకపోలేదు. కార్ప్ స్వయంగా మధ్యయుగాల్లో ఇంగ్లండుకు వచ్చిన చేప. క్లారిస్సా పెరిగిన రెడ్‌మైర్‌లో 1934లో వదిలిన పిల్లలు కూడా హాలండ్ నుంచి వచ్చినవే. మరి నేటి దిగుమతిని తప్పుపట్టడం ఎలా సమంజసం? నాటికీ నేటికీ మధ్య వ్యాధికారకాల గురించిన జ్ఞానం పెరిగింది, రవాణా వేగం పెరిగింది. ఆక్షేపణ చేప పుట్టుకపై గాక, తనిఖీ లేని దాని ప్రయాణంపై ఉండాలి. తనిఖీ ఫలిస్తుందనడానికి నిదర్శనమూ ఉంది: కార్ప్‌కు సోకే స్ప్రింగ్ వైరీమియా అనే మరో వైరస్ వ్యాధిపై దీర్ఘకాల నియంత్రణ అనంతరం 2010లో బ్రిటన్‌కు వ్యాధిరహిత గుర్తింపు లభించింది.

మన నీళ్లలో

తెలుగు నేలపై చేప జీవనాధారం. కనుక ముప్పు ఇంకా పెద్దది. 1990ల మధ్యలో తెల్లమచ్చల వైరస్ కోస్తాలోని టైగర్ రొయ్యల సాగును ఎలా కుంగదీసిందో నెల్లూరు రైతులు మరువలేదు. ఆ పాఠం వల్లనే 2009లో వెనామీ రొయ్యను అనుమతించినప్పుడు తల్లి రొయ్యలను చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం ద్వారానే తీసుకురావాలన్న నియమం ఏర్పడింది.

ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కథ దీనికి భిన్నం. అనుమతి లేకుండా 1990లలో దేశంలోకి వచ్చిన ఈ మాంసాహార చేపను కేంద్రం 2000లో నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా దీనిపై చర్యలకు ఆదేశించింది. అయినా ఉభయ రాష్ట్రాల్లోనూ దీని చెరువులను అధికారులు ధ్వంసం చేసిన వార్తలు నేటికీ వస్తూనే ఉన్నాయి. గాలిని పీల్చగల ఈ చేప వరద నీటితో కాలువల్లోకి జారితే తిరిగి పట్టలేము. అంతరించే ముప్పున్న మన మార్పు చేప పేరుతోనే ఇది బజారులో అమ్ముడుపోతుంది. అలంకార చేపల తొట్టెల నుంచి తప్పించుకున్న డెవిల్ ఫిష్ కూడా ఇప్పటికే మన చెరువుల్లో వలలను చింపుతోంది.

ఇంగ్లండులో గాలం పట్టినవాడు నిలిచిన స్థానంలో ఇక్కడ మత్స్య సహకార సంఘ సభ్యుడు, చేపల రైతు నిలవాలి. ఆ దిశగా విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు చేపట్టదగిన పనులు ఇవి:

• చెరువులో చేపపిల్లలను వదిలే రోజున జాతి, సంఖ్య, హేచరీ పేరు సంఘ సభ్యుల సమక్షంలోనే నమోదు చేసే అలవాటు చేయించాలి. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వమే చేపపిల్లలను పంపిణీ చేస్తున్నందున ఈ నమోదుకు అనువైన సందర్భం ఏటా లభిస్తుంది.

• స్థానిక మార్పుకు, ఆఫ్రికా జాతికి ఉన్న తేడాలను బొమ్మలతో, నమూనాలతో గ్రామ సభల్లో చూపాలి.

• వలలు, తొట్టెలు, రవాణా డ్రమ్ములను కడిగి ఎండబెట్టడాన్ని నారుమడి శుద్ధితో పోల్చి చెప్పాలి. రైతు వెంటనే గ్రహిస్తాడు.

• అసాధారణ మరణాలు కనిపిస్తే రహస్యంగా చేపలు పట్టి అమ్మకుండా, మత్స్యశాఖకు తెలియజేసేలా ప్రోత్సహించాలి. సమాచారమిచ్చిన రైతుకు తన సరుకంతా పోతుందన్న భయం ఉంటే అతడు నోరు విప్పడు. కాబట్టి పరిహారం, బీమా అంశాలను ఈ ప్రచారం నుంచి వేరుచేయరాదు.

చివరి అంశమే అన్నిటికన్నా బరువైనది. ఇంగ్లండు వేటగాడు కోల్పోయేది ఒక వారాంతపు వినోదం. మన రైతు కోల్పోయేది ఆ ఏటి బతుకు. అతడి నుంచి నిఘాను కోరే వ్యవస్థ, అతడి నష్టంలో పాలు పంచుకోవడానికీ సిద్ధపడాలి. అప్పుడే గట్టు మీద ఆగిన వాహనాన్ని చూసి, ఇందులో ఏ చేప ఉంది, కాగితం చూపించు అని అడిగే ధైర్యం ఊరికి వస్తుంది.