పొలములో అక్రమ ప్రవేశము, పంట విధ్వంసము – రైతు తెలిసికొనవలసిన చట్టము

ఒక వేసవిలో చంద్రగిరి మండలమునుండి ఒక రైతు గోనెసంచిలో రెండు మామిడి మొద్దులు వేసికొని మా కళాశాలకు వచ్చెను. అయిదేండ్ల తోతాపురి చెట్లు 14 ఒక్క రాత్రిలో నరికివేయబడినవట. మిగిలిన మొదళ్ళు చిగిర్చుటకు ఏమి పూయవలెనని ఆయన ప్రశ్న. మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో, నీరు 10 లీటర్లు కలిపిన బోర్డో ముద్ద పూయుమని చెప్పి, పోలీసులకు ఫిర్యాదు చేసితిరా అని అడిగితిని. "ఏం చూపించేది సార్? నరికిన కొమ్మలంతా గెనుము మీదికి లాగేసి, మడి దున్నేసినా" అనెను.

చెట్లు పోయిన దుఃఖము ఒకటి. వాటితోపాటు సాక్ష్యమును కూడ తన నాగలితోనే దున్నివేసికొనుట రెండవది. ఈ రెండవ నష్టమును తప్పించుటకే ఈ వ్యాసము. నేను సేద్యము బోధించువాడను గాని వకీలును గాను. అయినను రైతునకు చట్టము అవసరమగు చోట సేద్యపు లెక్క కూడ అవసరమగుచున్నది. ఆ మేరకు చెప్పుటకు సాహసించుచున్నాను.

1860 నాటి శిక్షాస్మృతి 2024 జూలై 1 నుండి తొలగిపోయి, దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. ఆ తేదీకి ముందు జరిగిన నేరములకు పాత చట్టమే వర్తించును. క్రింద చెప్పిన సెక్షన్లన్నియు క్రొత్త చట్టములోనివి.

అడుగు పెట్టుటయే నేరమా?

కాదు. చాలమంది పొరపడుచున్నది ఇక్కడనే. 329వ సెక్షను ప్రకారము, ఒకరి స్వాధీనములోనున్న భూమిలోనికి నేరము చేయవలెనను తలంపుతోగాని, ఆ స్వాధీనదారుని బెదిరించుటకు, అవమానించుటకు, విసిగించుటకుగాని ప్రవేశించినప్పుడే అది నేరపూరితమైన అక్రమ ప్రవేశమగును. సక్రమముగా వచ్చినవాడు అదే తలంపుతో పొమ్మన్నను పోక నిలిచినను నేరమే. దీనికి 3 నెలల వరకు ఖైదు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. ఇంటిలోనికి ప్రవేశించినచో ఖైదు ఒక సంవత్సరము వరకు ఉండవచ్చును.

మీ పొరుగు రైతు తన బావికి పోవుటకు ఏండ్ల తరబడి మీ గెనుము మీదుగా నడచుచున్నాడనుకొనుడు. అది దారి హక్కు తగాదా. సివిలు కోర్టులో తేలవలసినదే గాని పోలీసులు తీర్చునది కాదు. అదే మనిషి దారి విషయమై మాట పెరిగిన తరువాత నలుగురిని వెంటబెట్టుకొని గడ్డపారలతో మీ మడిలోనికి దిగి, అడ్డము వచ్చినవారిని బెదిరించెనా, అది నేరము. నేల ఒకటే, మనిషి ఒకడే. తలంపు మారినది.

చట్టము "స్వాధీనము" అనుచున్నదని కూడ గమనింపుడు. పట్టా ఎవరి పేర ఉన్నదను ప్రశ్న వేరు, పైరు పెట్టుచున్నది ఎవరను ప్రశ్న వేరు. కౌలుదారు సాగులోనున్న పొలములోనికి బయటివాడు దౌర్జన్యముగా దిగినచో ఫిర్యాదు చేయు హక్కు ఆ కౌలుదారునకు కలదు. మీ ఇష్టమునకు వ్యతిరేకముగా, చట్టప్రకారము గాక మిమ్ములను పొలమునుండి వెళ్ళగొట్టినచో, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము 6వ సెక్షను క్రింద 6 నెలలలోపల దావా వేసి, హక్కు విచారణతో పని లేకుండ స్వాధీనము తిరిగి పొందవచ్చును. ఈ 6 నెలల గడువును పెద్దమనుషుల పంచాయితీలలో పోగొట్టుకొన్నవారిని నేను ఎరుగుదును. షెడ్యూల్డు కులములు, తెగల రైతుల భూమిని ఆ కులములకు, తెగలకు చెందనివారు అక్రమముగా ఆక్రమించినను, వారి పంటను పాడుచేసినను 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము క్రింద 6 నెలలనుండి 5 సంవత్సరముల వరకు ఖైదు కలదు.

పంటకు, చెట్టుకు చేసిన చేటు

324వ సెక్షను "విధ్వంసము"ను గూర్చినది. నష్టము కలిగించవలెనని, లేక కలుగునని తెలిసియుండియే ఆస్తిని పాడుచేయుట దీని అర్థము. సామాన్యమైన శిక్ష 6 నెలల వరకు. నష్టము 20,000 రూపాయలు మొదలుకొని లక్షకు లోపు ఉన్నచో 2 సంవత్సరముల వరకు, లక్ష గాని అంతకు మించిగాని ఉన్నచో 5 సంవత్సరముల వరకు ఖైదు విధింపవచ్చును. పాత చట్టములో ఈ గీత 50 రూపాయల వద్ద ఉండెడిది!

ఈ 20,000 అంకె రైతునకు ముఖ్యము. ప్రైవేటు ఆస్తికి నష్టము దానికి తక్కువయినచో మేజిస్ట్రేటు ఉత్తరువు లేక పోలీసులు దర్యాప్తు చేయలేరు. దాటినచో తామే కేసు కట్టి దర్యాప్తు సాగింపవచ్చును. అయితే అక్రమ ప్రవేశము ఎంత చిన్నదైనను పోలీసులు కేసు కట్టదగిన నేరమే. ఒకే సంఘటనలో అట్టి నేరమొకటి ఉన్నచో మొత్తము కేసును ఆ విధముగనే చూడవలెనని చట్టము. కావున ఫిర్యాదులో "చెట్లు నరికిరి" అని మాత్రమే వ్రాసి ఊరకుండక, ఎట్లు ప్రవేశించిరి, కంచె ఎచ్చట త్రెంచిరి, ఏమని బెదిరించిరి అనునవి జరిగినవి జరిగినట్లు వ్రాయవలెను. జరుగనివి చేర్చరాదు. తప్పుడు ఫిర్యాదు కూడ నేరమే.

ఇక్కడ కూడ తలంపే ప్రధానము. చెరకులో కలుపునకు 2,4-డి చల్లునప్పుడు గాలికి మందు కొట్టుకొనిపోయి ప్రక్కనున్న టమాట ఆకులు మెలి తిరిగి ముడుచుకొనును. చల్లినవాడు ఎరుగక చల్లినచో అది విధ్వంసము కాదు. నష్టపరిహారమునకు సివిలు దావా మాత్రమే మిగులును. ఒకమారు పైరు పాడై, మీరు సాక్షుల యెదుట చెప్పిన పిమ్మట కూడ, గాలి మీవైపు వీచుచుండగా మరల చల్లినచో "తెలిసియే చేసెను" అను వాదమునకు బలము వచ్చును. కావున మొదటి నష్టమునాడు తగవు పెట్టుకొనుటకంటె తేదీతో ఒక చీటీ వ్రాసి ఇచ్చి, నకలు దాచుకొనుట మేలు.

మరికొన్నిటికి శిక్ష హెచ్చు. సేద్యపు నీటి సరఫరాను తగ్గించు విధముగా కాలువకు, తూమునకు చెరుపు చేసినచో 5 సంవత్సరముల వరకు. ప్రభుత్వాధికారులు నాటిన హద్దు రాయిని పెరికినను, జరిపినను ఒక సంవత్సరము వరకు. పంటకు నిప్పు పెట్టినచో 7 సంవత్సరముల వరకు ఖైదు, పైగా జరిమానా. మన చంద్రగిరి కోట గోడలపై పేర్లు చెక్కు పిల్లవాండ్రకు కూడ ఒక మాట చెప్పుడు: రక్షిత కట్టడమును పాడుచేసినవారికి 1958 నాటి చట్టము క్రింద 2 సంవత్సరముల వరకు ఖైదు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును కలవు.

నష్టము జరిగిన ఉదయము

మొదట ఏదియు కదపకుడు. నీరు కట్టకుడు, దున్నకుడు. సెల్ ఫోనుతో దూరమునుండి ఒకటి, దగ్గరనుండి ఒకటి చొప్పున ఫోటోలు తీయుడు. సర్వే రాయో, బోరు షెడ్డో ఏదేని ఒక గుర్తు ఫోటోలో పడవలెను. నరికిన ప్రతి మొదలు ప్రక్కన కొలబద్దగాని, కనీసము మూరకర్రగాని పెట్టుడు.

మామిడి విషయములో ఒక సంగతి చూచుట తప్పనిసరి. నరుకు అంటు కట్టుకు పైన పడినదా, క్రింద పడినదా? పైన పడినచో చెట్టు మరల చిగిర్చి జాతి కాయలే కాయును. నష్టము కొన్నేండ్ల కాపు. క్రింద పడినచో వచ్చునది నాటు చిగురే. బోర్డో ముద్ద ఎంత పూసినను తోతాపురి రాదు. చెట్టు మొత్తము పోయినట్లే. ఈ తేడాను ఉద్యానాధికారి తన నివేదికలో వ్రాసినచో నష్టపు లెక్క నిలుచును. అంటు వెల, గుంత, డ్రిప్పు, అయిదేండ్ల పోషణ ఖర్చు, రావలసిన కాపు విడివిడిగా చూపవలెను. "సుమారు రెండు లక్షలు" అని గుండుగుత్తగా వ్రాసిన కాగితమును ఎదుటి వకీలు ఒక్క ప్రశ్నతో కొట్టివేయును.

ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు తీసికొనవలెను, పరిధి కాదని త్రిప్పి పంపరాదు. కేసు కట్టినచో దాని నకలు ఉచితముగా ఇయ్యవలెను. నిరాకరించినచో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలాలో పంపి, ఆ పిమ్మట మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. ఖర్చునకు జంకువారు 15100 నంబరునకు ఫోను చేసి న్యాయసేవాధికార సంస్థ సహాయము కోరవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేదు.

అడంగలు, 1-బి, ఎఫ్.ఎం.బి. పటము ధ్రువీకరించిన నకళ్ళు ఇంట నుంచుకొనుడు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయములో మంటలు లేచి భూమి దస్త్రములు కాలిపోయినవి. ఇంట నకలున్న రైతునకు ఆ ఉదయము కొంత దిగులు తక్కువ.

కోపములో చేయరానివి

పొలమును కాపాడుకొను హక్కు మీకు కలదు. కాని అవసరమునకు మించిన బలము, పోలీసులకు చెప్పు వ్యవధి ఉన్నప్పుడు చేసిన దాడి ఆ హక్కులోనికి రావు. మేకలు పైరున పడినచో వాటిని పట్టి 24 గంటలలో బందెలదొడ్డికి తోలుటకు 1871 నాటి చట్టమే అధికారమిచ్చినది. గుళికల మందు కలిపి చంపినచో 5 సంవత్సరముల వరకు శిక్ష మీకే. అడవి పందులకని కరెంటు తీగె లాగుట మరింత ప్రమాదము. దానికి తగిలి మనిషి చనిపోయినచో ప్రాణము తీసిన కేసు. ఏనుగు చనిపోయినచో వన్యప్రాణి చట్టము క్రింద 3 నుండి 7 సంవత్సరముల ఖైదు.

హద్దులు లేని ఆస్తి

కాయ డబ్బు చేతికి వచ్చు నెలలలో సెల్ ఫోనులో "కాయిన్లు" కొనుమని చెప్పువారును ఊళ్ళలోనికి వచ్చుచున్నారు. చట్టము ఏమనుచున్నదని కొందరు అడిగినందున చెప్పుచున్నాను. క్రిప్టోకరెన్సీ చెల్లుబాటగు నాణెము కాదు, నిషేధింపబడినదియు కాదు. 2018లో రిజర్వు బ్యాంకు విధించిన కట్టడిని 2020 మార్చి 4న సుప్రీం కోర్టు కొట్టివేసినది. 2022 నుండి లాభముపై 30 శాతము పన్ను కలదు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టమును మరియొక దాని లాభములో తగ్గించుకొన వీలులేదు. అది ఆస్తియేనని 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు చెప్పినది.

ఆస్తియే గాని, దానికి గెనుము లేదు, అడంగలు లేదు, రాత్రి అలికిడి విన్న పొరుగువాడు లేడు. మీ రహస్య సంకేతము చేజిక్కించుకొన్నవాడు గొడ్డలి ఎత్తకయే అంతయు తీసికొనిపోవును. డబ్బు రెట్టింపు చేసెదమని నమ్మించి తీసికొన్నది మోసమగును. 318వ సెక్షను క్రింద 7 సంవత్సరముల వరకు ఖైదు. మోసపోయినట్లు తెలిసిన గంటలోనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమయిన కొలది ఆ డబ్బు ఖాతానుండి ఖాతాకు మారిపోవును. ఇక్కడ సాక్ష్యము బ్యాంకు చీటీ, వచ్చిన సందేశములు, ఫోను నంబర్లు. సిగ్గుపడి వాటిని చెరిపివేయుట కూడ మడి దున్నివేయుటయే.

గోనెసంచితో వచ్చిన ఆ రైతును ఉద్యానాధికారి యొద్దకు పంపితిమి. గెనుము మీది కుప్పలో 14 మొద్దులును దొరికినవి. వాటిలో 9టికి అంటు కట్టు మొద్దుతోనే ఊడివచ్చినది, అనగా నరుకు కట్టుకు క్రింద పడినది. దున్నిన మడిలో అడుగుల జాడలు మాత్రము దొరకలేదు.