హైడ్ ఎవరో తెలియని పాఠకులు

జెకిల్, హైడ్ ఒక్కరేనన్న సంగతి ఇవాళ ఆ పుస్తకం ముట్టుకోనివాళ్లకూ తెలుసు. 1886 జనవరిలో లండన్‌లో ఒక షిల్లింగు పెట్టి స్టీవెన్సన్ నవలిక కొన్నవాళ్లకు తెలియదు. వాళ్లకది అచ్చంగా ఒక అపరాధ పరిశోధన కథ. మొదట్లో పుస్తకాల షాపులవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. టైమ్స్ పత్రికలో సమీక్ష రాగానే జనం ఎగబడ్డారు. ఆరు నెలల్లో బ్రిటన్‌లో దాదాపు 40,000 ప్రతులు అమ్ముడుపోయాయి.

కథంతా అటర్సన్ అనే లాయరు వెంట నడుస్తుంది. పరువుగల డాక్టర్ జెకిల్ తన ఆస్తి మొత్తం హైడ్ అనే దుర్మార్గుడికి చెందేలా వీలునామా రాశాడు. ఏదో పాత తప్పు పట్టుకుని హైడ్ బెదిరిస్తున్నాడని లాయరు అనుకుంటాడు. చదివేవాళ్లూ అదే నమ్ముతారు.

ఇంతలో హైడ్ ఒక హత్య చేసి మాయమవుతాడు. అతను రాశాడంటూ జెకిల్ ఒక ఉత్తరం తెచ్చి లాయరుకిస్తాడు. లాయరు దగ్గరి గుమాస్తా గెస్ట్ దస్తూరీలు గుర్తుపట్టడంలో దిట్ట. సరిగ్గా అప్పుడే జెకిల్ నుంచి భోజనానికి పిలుపు చీటీ వస్తుంది. గెస్ట్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. రాత ఒకటే, అక్షరాల వాలు ఒక్కటే తేడా. జవాబు కళ్లెదుటే ఉంది! అయినా, హంతకుణ్ణి కాపాడటానికి జెకిలే దొంగ ఉత్తరం రాశాడని లాయరు హడలిపోతాడు. పాఠకుణ్ణి ఇంత నిజాయితీగా మోసం చేసిన రచయితలు అరుదు. అసలు గుట్టు విప్పేది పది అధ్యాయాల్లో చివరి రెండే.

మరి గుట్టు తెలిశాక ఏం మిగులుతుంది? భయం మిగులుతుంది. ఒక ఉదయం జెకిల్ మంచంమీద మేలుకుని తన చెయ్యి చూసుకుంటాడు. ఎముకలు తేలి, దట్టంగా నల్లటి వెంట్రుకలున్న చెయ్యి. హైడ్ చెయ్యి. రాత్రి పడుకున్నది జెకిల్‌గానే, తనను హైడ్‌గా మార్చే మందు తాగనేలేదు. కథ మొత్తంలో అన్నిటికన్నా భయంకరమైన చోటు ఇదే. ఇక్కడ చిక్కుముడేదీ లేదు, మనిషికి తనమీద తనకే పట్టు తప్పిపోవడం ఉంది. స్టీవెన్సన్ మిత్రుడు, విమర్శకుడు సైమండ్స్ ఆ పుస్తకం చదివి కలత చెందాడు. మళ్లీ దాని జోలికి ఎలా వెళ్లగలనో తెలియదని రచయితకే ఉత్తరం రాశాడు. తన స్వభావంలో ఒక భాగాన్ని లోకానికి చెప్పుకోలేక బతికినవాడు సైమండ్స్.

1888లో నటుడు రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ లండన్ రంగస్థలంమీద ప్రేక్షకుల కళ్లముందే జెకిల్ నుంచి హైడ్‌గా మారి చూపించాడు. రహస్యం తెలిసి వచ్చినవాళ్లూ వణికారు. అదే ఏడాది జాక్ ద రిప్పర్ హత్యలు నగరాన్ని కుదిపేస్తుంటే, ఆ నటుడిమీదే తనకు అనుమానమని ఒక ప్రేక్షకుడు పోలీసులకు ఉత్తరం రాశాడు.