న్యూజీలాండ్ స్థానిక పక్షులు - జీవ నియంత్రణకు ఒక గుణపాఠం

హానికర జీవులను వాటి సహజ శత్రువుల ద్వారా అదుపు చేయడాన్ని జీవ నియంత్రణ అంటారు. ఇది పర్యావరణానికి మేలు చేసే పద్ధతి అని విద్యార్థులకు బోధిస్తున్నాము. అయితే శత్రుజీవిని ఎన్నుకొనడంలో పొరపాటు జరిగితే ఆ నష్టాన్ని పూడ్చడం ఎంత కష్టమో న్యూజీలాండ్ అనుభవం తెలియజేస్తున్నది.

మానవుడు అడుగిడక పూర్వం ఈ దీవులలో గబ్బిలాలు తప్ప నేలపై జీవించే స్థానిక క్షీరదాలు లేవు. అందువలన కివి, కాకాపో చిలుక, టకాహే వంటి పక్షులు ఎగిరే శక్తిని కోల్పోయి, నేలమీదనే గూడు ఏర్పరచుకొనే విధంగా పరిణామం చెందాయి. నాటి ప్రధాన శత్రువులు కంటిచూపుతో వేటాడే గద్ద జాతులే. ఆపద ఎదురైనపుడు కాకాపో కదలక నిలిచి, ఆకుపచ్చని ఈకలతో పరిసరాలలో కలిసిపోతుంది. వాసన పట్టి వచ్చే శత్రువు ముందు ఈ రక్షణ పనిచేయదు. మావోరీలతో వచ్చిన ఎలుకలు, కుక్కల వలననే ఈ పక్షులకు తొలి నష్టం కలిగింది.

19వ శతాబ్దంలో ఐరోపా వలసదారులు మాంసానికి, వేటకు కుందేళ్ళను ప్రవేశపెట్టారు. 1870ల నాటికి అవి గొర్రెల పచ్చిక బీళ్ళను నాశనం చేశాయి. వాటి నివారణకై 1880లలో, పక్షి శాస్త్రవేత్తలు వారించినప్పటికీ, స్టోట్, వీజిల్, ఫెర్రెట్ అనే చిన్న మాంసాహార జంతువులను బ్రిటన్ నుండి తెప్పించి విడిచిపెట్టారు. కుందేళ్ళ బెడద తీరలేదు. స్టోట్‌లు మాత్రం అడవులలోకి వ్యాపించి గుడ్లను, పిల్లలను, పొదిగే తల్లిపక్షులను సైతం తినసాగాయి. బీచ్ వృక్షాలు విరివిగా గింజలు రాల్చిన సంవత్సరంలో ఎలుకలు, వాటి ననుసరించి స్టోట్‌లు అధికమవుతాయి. గింజలు తరిగి ఎలుకలు తగ్గగానే వాటి దాడి పక్షులపైకి మళ్ళుతుంది.

1995 నాటికి కాకాపోలు 51 మాత్రమే మిగిలాయి. శత్రుజీవులు లేని దీవులలో ఉంచి, అదనపు ఆహారం అందించి, గూళ్ళను కాపాడగా 2022లో వాటి సంఖ్య 252కు చేరింది. ఎలుకలు, స్టోట్ వర్గపు జంతువులు, పోసమ్‌లను 2050 నాటికి నిర్మూలించాలని ఆ దేశం 2016లో లక్ష్యం ప్రకటించింది.

స్టోట్ అనేక జీవులను తినే బహుభక్షకం. లోపం దానిని ఎన్నుకొనడంలోనే ఉన్నది. కావున కొత్త శత్రుజీవిని సిఫారసు చేసే ముందు అది లక్ష్య జీవిని తింటుందా అనే ప్రశ్నతో పరిశీలన ముగియరాదు. లక్ష్య జీవి కరువైన నాడు అది మరేమి తింటుందో విడుదలకు ముందే పరీక్షించి తేల్చాలి. ఒకసారి విడిచిన జీవిని వెనుకకు పిలువలేము.