పది గొట్టముల రంగుకై

ఆధునిక ప్రకృతిచిత్రకారుల జీవితములను గూర్చి ముఖచిత్ర కథనమొకటి శుక్రవారమునకు అందవలెనని సంపాదకులు ఆజ్ఞాపించినప్పుడు, టర్నరు మొదలు హాక్నీ వఱకు తలకు నాలుగేసి వాక్యములు పంచి బయటపడవచ్చునని తలంచితిని. కాని ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ వ్రాసిన లేఖలలో చిట్టచివరిది, పట్టుమని పది పంక్తులైనను లేనిది, ఆ పథకమునంతను తలక్రిందులు చేసినది.

అది శిష్యునకో విమర్శకునకో వ్రాసినది కాదు, రంగుల వర్తకునకు వ్రాసినది. తేది 1906 అక్టోబరు 17. ‘లాక్ బ్రూలే’ అనెడి ముదురు ఎఱుపు రంగు, 7వ నంబరుది, పది గొట్టములు కోరి ఎనిమిది దినములైనను జవాబు రాలేదేమని నిలదీసి, వెంటనే ప్రత్యుత్తరమీయుమని తొందరపెట్టిన ఆ నాలుగు ముక్కలలో కళాతత్త్వము లేదు, ఆత్మనివేదనము లేదు. ఇంట సరకు నిండుకొనగా అంగడివానిపై విసుగుకొను గృహస్థుని కంఠస్వరము మాత్రమే ఉన్నది.

అయితే ఆ తేదికి ముందు జరిగినదెఱిగినవారికి ఆ విసుగు మఱియొక విధముగా వినిపించును. రెండు దినములకు పూర్వము, సోమవారమునాడు, ఆరుబయట చిత్రించుచుండగా గాలివాన ముంచుకొని వచ్చెను. గంటలకొలది తడిసిన ఆ అఱువదియేడేండ్ల మధుమేహరోగిని చాకలిబండిపై ఇల్లు చేర్చి, ఇద్దఱు మోసికొనిపోయి పరుండబెట్టిరి. మఱునాటి ఉదయముననే అతడు లేచి, లె లోవ్ గుట్టపైనున్న తన చిత్రశాల తోటకు పోయి, లిండెన్ చెట్టు క్రింద తోటమాలి వాలియే చిత్రమునకు మెఱుగులు దిద్దబూని, మరణోన్ముఖుడై తిరిగివచ్చెను. ఈ సంగతులు సెజాన్ సోదరి మరీ, పారిస్‌లోనున్న మేనల్లునకు 20వ తేదిన వ్రాసిన జాబులోనివి. అనగా వర్తకునకు పోయిన తాఖీదు మృత్యుశయ్య నుండి పోయినదే. వారము తిరుగకమునుపే అతడు కన్నుమూసెను. భార్యయు కుమారుడును సకాలమునకు రాలేకపోయిరి.

ఆ యేటి జాబులన్నింటను ఇట్టి దినవ్యవహారమే. కుంచెలు రెండు డజన్లు పంపుమని కుమారునకు వ్రాసిన జాబు వానలో తడిసిన నాటిదే. బండివాడు బాడుగ పెంచెనని అలిగి సెజాన్ బండినే మానుకొనెను. ఇతడు 1886లో మరణించిన బ్యాంకరు తండ్రి ఆస్తికి వారసుడు! సెప్టెంబరులో వ్రాసిన మఱియొక జాబున, నదీతీరమున ఒకింత కుడికో ఎడమకో ఒరిగినంతనే క్రొత్త దృశ్యము దొరకుచున్నదనియు, చోటు కదలకయే నెలలతరబడి పనిచేయవచ్చుననియు చెప్పెను. ప్రకృతిని స్తూపముగా, గోళముగా, శంకువుగా గ్రహింపుమని 1904లో చిత్రకారుడు ఎమిల్ బెర్నార్‌కు అతడిచ్చిన ఉపదేశమును పట్టుకొని పండితులు గ్రంథములు పెంచిరి. నాకు ఆ సూత్రముపై గురి తక్కువ. సూత్రము ఒకసారి ఋజువైన చాలును. 1011 మీటర్ల సెంట్ విక్తువార్ పర్వతమును సుమారు ముప్పది తైలచిత్రములలో, అంతకు మించిన నీటిరంగు చిత్రములలో మఱల మఱల చిత్రింప నవసరమేమి?

పూర్వచరిత్ర సంగ్రహముగా: 1839లో ఎక్స్-అన్-ప్రొవాన్స్ పట్టణమున జననము, నవలాకారుడు జోలాతో బాల్యస్నేహము, పొంత్వాజ్‌లో చిత్రకారుడు పిసారో సాహచర్యము, 1874 నాటి తొలి ఇంప్రెషనిస్టు ప్రదర్శనమున పరిహాసము, 1895లో చిత్రవర్తకుడు వొలార్ ఏర్పఱచిన ప్రదర్శనముతో ఆలస్యముగా గుర్తింపు, 1907లో పారిస్‌లో స్మారకప్రదర్శనము, అటుపిమ్మట యువచిత్రకారుల ఆరాధన.

ఆ ఆరాధన ఎంత న్యాయమైనదైనను, వాన, బాడుగ, కుంచె, రంగు అను నాలుగింటిని విడిచి ప్రకృతిచిత్రకారుని జీవితము వ్రాయువారు అతని కీర్తిని మాత్రమే వ్రాయుచున్నారని నా అభిప్రాయము.

రంగు గొట్టము
పూర్వము నూనెరంగులను పంది మూత్రాశయపు తిత్తులలో కట్టి దాచెడివారు. అవి చిట్లెడివి, రంగు ఎండిపోయెడిది. 1841లో అమెరికా చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ నొక్కిన కొలది రంగు వెడలు తగరపు గొట్టమునకు పేటెంటు పొందెను. చిత్రకారులు పొలములకు తరలుట దీనివలన సులభమైనది.

చిత్రశాల
లె లోవ్ చిత్రశాల 1902లో పూర్తియయ్యెను. 1921లో మార్సెల్ ప్రొవాన్స్ దానిని కొని కాపాడెను. ఆయన అనంతరము అమెరికా దాతల చందాలతో కొని, విశ్వవిద్యాలయమున కప్పగించిరి. 1954లో సందర్శకులకు తెఱచిరి.