ఆకాశమార్గ నియంత్రణము – ప్రజావిశ్వాసము

విమానమెక్కిన ప్రయాణికుడు భూమిపై కూర్చుండి ఆ విమానమునకు త్రోవ చూపు కంట్రోలరు పేరైనను ఎరుగడు. అయినను తన ప్రాణమును, తన బిడ్డల ప్రాణములను ఆ అపరిచితుని చేతులలో నుంచి నిశ్చింతగా నిద్రించుచున్నాడు. ఇంతటి విశ్వాసముపై నిలిచిన వ్యవస్థలో నూతన యంత్రములను ప్రవేశపెట్టునప్పుడు అధికారులెట్లు మెలగవలయునో తెలిసికొనుటకు బ్రిటిషువారి అనుభవము పరిశీలింపదగియున్నది.

లండను చెంతనున్న వెస్ట్ డ్రేటన్ కేంద్రమునకు బదులుగా హాంప్‌షైరులోని స్వానిక్ గ్రామమున వారొక నూతన కేంద్రమును నిర్మింప బూనిరి. అది 1996లో పని ప్రారంభింపవలసియుండెను. కాని కంప్యూటరునకు వ్రాసిన ఆదేశములలో దోషములు పెక్కు బయల్పడుటచే 2002 జనవరి 27న గాని తెరవబడలేదు. వ్యయము 62 కోట్ల 30 లక్షల పౌనులకు పెరిగెను. తెరచిన పిమ్మట తెరలపై అక్షరములు స్పష్టముగా నగుపడుటలేదనియు, గ్లాస్గో సంకేతమునకు కార్డిఫ్ సంకేతమునకు భేదము తెలియుట కష్టముగా నున్నదనియు కంట్రోలరులే మొరపెట్టుకొనిరి. యంత్రమును నిర్మించినవానికి తోచని లోపము దానితో నిత్యము పనిచేయువాని కంటికి కనబడుట సహజము. అతని మాటను మొదటనే వినుట వివేకము.

2023 ఆగస్టు 28న అదే దేశమున మరియొక సంఘటన జరిగెను. ఒక విమానపు ప్రయాణ పత్రములో, మిక్కిలి దూరమున నున్న రెండు స్థలములకు ఒకే సంకేతముండుటచే యంత్రము తికమకపడి నిలిచిపోయెను. దానికి తోడుగా నుంచిన రెండవ యంత్రమును అదే పత్రమును చదివి అట్లే నిలిచెను. ఆనాడు సెలవు దినము. ఇంటినుండి సరిచేయజూచి విఫలుడైన ఇంజనీరు కేంద్రమునకు చేరుటకే గంటన్నర పట్టెను. ఏడు లక్షలకు పైగా ప్రయాణికులు ఇక్కట్లపాలైరి. తప్పు సమాచారము నందింపక యంత్రము నిలిచిపోవుట క్షేమమునకే గావచ్చును. కాని విమానాశ్రయమున పసిబిడ్డలతో రాత్రి గడపినవారికి ఆ మాట తగువేళ తగురీతిని చెప్పువారుండవలదా? ప్రాణాపాయము లేకపోయినను విశ్వాసమునకు హాని కలుగవచ్చును.

అట్లని పాతదానినే పట్టుకొని వ్రేలాడుట క్షేమము గాదు. 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ చెంత ఆకాశమున రెండు విమానములు ఢీకొని 349 మంది మరణించిరి. కజక్‌స్థాన్ విమానము తనకు విధింపబడిన ఎత్తును వీడి క్రిందికి దిగుటయే కారణమని విచారణలో తేలెను. అయినను ఆనాడు ఢిల్లీ కంట్రోలరు ముందున్న రాడారు విమానముండు చోటును చూపెనే గాని ఎత్తును చూపజాలకుండెను. ఎత్తును తెలుపు నూతన రాడారు అప్పటికింకను వాడుకకు రాలేదు. తొందరవలెనే ఆలస్యమును ప్రాణహాని కలిగింపగలదని ఆ ఘోరప్రమాదము చాటుచున్నది.

కావున ప్రజలడుగవలసినది క్రొత్త యంత్రము వలదని గాదు; అది పరీక్షకు నిలిచెనా యని. 2025 నవంబరు 7న ఢిల్లీలో సందేశములనందించు యంత్రము చెడగా, ప్రయాణ పత్రములను చేతితో సాగింపవలసివచ్చి ఎనిమిదివందలకు పైగా విమానములు ఆలస్యమయ్యెను. చేతిపని తెలిసినవారుండుటచేతనే రాకపోకలు పూర్తిగా నిలిచిపోలేదు. యంత్రములెంత పెరిగినను ఆ నేర్పును సడలనీయరాదు. నూతన వ్యవస్థను పాతదాని ప్రక్కనే చిరకాలము నడిపి చూడవలయును. కంట్రోలరుల ఆక్షేపణలకు లిఖితపూర్వకముగా సమాధానమీయవలయును. లోపము సంభవించినప్పుడు దాని కారణమును మరుగుపరుపక ప్రకటింపవలయును.

అంతయు భద్రమే యని ప్రకటించినంత మాత్రమున విశ్వాసము కలుగదు. కలిగిన లోపమును దాచక చెప్పి, దానిని దిద్దిన విధమును చూపిన అధికారినే ప్రజలు నమ్ముదురు. విమానయానము నానాట విస్తరించుచున్న మన దేశమున ఈ విషయమును ఇప్పుడే పాటించుట మేలు. మరియొక దుర్ఘటన నేర్పువరకు వేచియుండుట తగదు.