టైటానియం బోల్టు సాగే లెక్క

బైకుకు టైటానియం బోల్టులు వేయిస్తే లాభముందా? భిలాయి సెక్టర్ 6లో ఏ కుర్రాడైనా ఈ మాట అడిగితే, స్టీల్ ప్లాంటులో రిటైరైన పెద్దాయనకు నవ్వు రావడం సహజం. మీటరుకు 60 కిలోలు తూగే రైలు పట్టాలు తయారయ్యే ఊళ్లో గ్రాముల గొడవేమిటని.

సరే, ముందు గ్రాములే చూద్దాం. 8 మిల్లీమీటర్ల మందం, 30 మిల్లీమీటర్ల పొడవున్న స్టీలు అలెన్ బోల్టు సుమారు 17 గ్రాములుంటుంది. అదే గ్రేడ్ 5 టైటానియంది 10 గ్రాముల లోపే. అలాంటివి 50 మార్చినా తగ్గేది 370 గ్రాములు, అంటే అర లీటరు పెట్రోలు బరువు. 195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 నడిపేవాడికి ఆ తేడా తెలియనే తెలియదు.

అయితే టైటానియం బోల్టు అసలు విశేషం బరువులో లేదు, సాగడంలో ఉంది.

బోల్టంటే మరలున్న మేకు అనుకుంటాం. నిజానికి అది స్ప్రింగు. స్పానరు తిప్పేకొద్దీ బోల్టు సాగుతుంది. మళ్లీ తన పొడవుకు రావాలని లాగుతుంది. ఆ లాగుడే రెండు భాగాలనూ అదిమిపెట్టి ఉంచుతుంది. పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే ఎలాస్టిక్ క్లిప్పు చేసేదీ ఇదే: కొట్టిన మేకు రైళ్ల అదురుకు లేస్తుంది, క్లిప్పు మాత్రం అదురుతో పాటు వంగి మళ్లీ పట్టేస్తుంది.

మన బోల్టును 16 కిలోన్యూటన్లకు బిగించామనుకుందాం. దాదాపు 1,600 కిలోల బరువు వేలాడదీసినంత లాగుడన్నమాట. 30 మిల్లీమీటర్ల నిడివిలో స్టీలు బోల్టు 0.064 మిల్లీమీటర్లు సాగుతుంది, టైటానియంది 0.115. స్టీలు స్థితిస్థాపక గుణకం 205 గిగాపాస్కల్‌లైతే టైటానియానిది 114 మాత్రమే కావడమే కారణం. అలాగని అది బలహీనం కాదు. గ్రేడ్ 5 తెగే బలం 900 మెగాపాస్కల్‌ల దరిదాపుల్లో, అంటే 8.8 గ్రేడు స్టీలు బోల్టుకూ 10.9 గ్రేడు స్టీలు బోల్టుకూ నడుమ ఉంటుంది.

ఎక్కువ సాగడం వల్ల లాభమేమిటి? బండి తిరిగేకొద్దీ బోల్టు తల కింద రంగు, గరుకు నలిగి 0.01 మిల్లీమీటరు దిగిందనుకోండి. స్టీలు బోల్టు తన బిగువులో ఆరో వంతు పోగొట్టుకుంటుంది, టైటానియంది పన్నెండో వంతే.

వేడి దగ్గర లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఇంజిన్ వేడెక్కితే అల్యూమినియం కేసింగ్ బోల్టు కంటే ఎక్కువ వ్యాకోచించి దాన్ని ఇంకా సాగదీస్తుంది. టైటానియం స్టీలు కంటే తక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి దానికే ఎక్కువ సాగుడు తప్పదు. అయినా మెత్తని స్ప్రింగు కనుక అదనంగా పడే బలం తక్కువ. కేసింగ్ అసలు నలగదనుకుని వేడి 80 డిగ్రీలు పెరిగితే ఎంతో లెక్క కడితే, బిగువు స్టీలులో 41 శాతం, టైటానియంలో 29 శాతం పెరుగుతుంది.

ఇంత మంచి స్ప్రింగుకు ఒక పాడు గుణముంది. మర మీద మర ఒరుసుకుంటే పైనున్న సన్నని ఆక్సైడ్ పొర చిరిగి, లోహం లోహానికి అతుక్కుంటుంది. మెకానిక్కుల మాటల్లో థ్రెడ్డు పట్టేస్తుంది. అందుకే యాంటీసీజ్ పేస్టు రాస్తారు. అక్కడ మరో మెలిక. స్పానరు మీద మనం పెట్టే శ్రమలో పదో వంతే బోల్టును సాగదీస్తుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. పేస్టుతో రాపిడి కాస్త తగ్గినా సాగుడు బాగా పెరుగుతుంది. పొడి స్టీలు బోల్టుకు చెప్పిన టార్కునే దీనికీ పెడితే అవసరానికి మించి లాగినట్టే. బోల్టు తయారీదారు ఇచ్చిన అంకెనే పాటించాలి.

ఇక ధర. టైటానియం అరుదైందేమీ కాదు. భిలాయిలో స్థిరపడిన ఎన్నో తెలుగు కుటుంబాల సొంతూళ్లున్న ఉత్తరాంధ్ర తీరంలో, భీమిలి, శ్రీకాకుళం ఇసుకలో దాని ఖనిజం ఇల్మనైట్ ఉంది. కానీ బ్లాస్ట్ ఫర్నేసులో కోక్ ఇనుము నుంచి ఆక్సిజన్‌ను లాగేసినట్టు దీన్నుంచి లాగలేదు. టైటానియం కార్బన్‌తోనే కలిసి కార్బైడ్ అయిపోతుంది. అందుకే క్లోరిన్‌తో ద్రవంగా మార్చి, గాలి సోకకుండా మెగ్నీషియంతో విడగొట్టే క్రోల్ పద్ధతి కావాలి, ధర పెరిగేది అక్కడే. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల రూపొందించిన పరిజ్ఞానంతో కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల కర్మాగారం 2011లో మొదలైంది. టైటానియం మిశ్రలోహాలను హైదరాబాద్‌లోనే మిధాని సంస్థ తయారుచేస్తోంది.

రేసుల్లో కూడా టైటానియం వాడకానికి హద్దులున్నాయి. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య నిబంధనలు ఫ్రేము, ముందు ఫోర్కులు, హ్యాండిల్ బారు, చక్రాల ఇరుసుల్లో టైటానియాన్ని నిషేధించి, నట్లూ బోల్టుల వరకు అనుమతించాయి.

రోడ్డు మీద తిరిగే బండికైతే బరువు కోసం డబ్బు పెట్టడం దండగ. తుప్పు పట్టకుండా, తరచూ విప్పి బిగించే కవర్ల దగ్గర నాలుగు వేసుకుంటే ముచ్చట తీరుతుంది. కొనేటప్పుడు నీలి, ఊదా మెరుపును నమ్మకూడదు. అసలు టైటానియం మీద ఆ రంగు ఆక్సైడ్ పొర మందం వల్ల వస్తుంది, కానీ రంగు వేసిన అల్యూమినియమూ అలాగే మెరుస్తుంది. అయస్కాంతం రెండింటికీ అంటదు. బంగారం తూచే చిన్న కాటా మీద పెడితే తేలిపోతుంది: పైన చెప్పిన సైజు బోల్టు 17 గ్రాములైతే స్టీలు, 10కి కాస్త తక్కువైతే టైటానియం. 6 గ్రాములే చూపిస్తే అది అల్యూమినియం. దాన్ని బ్రేకుల దరిదాపుల్లోకి రానివ్వకూడదు.